ఆకుకు చిల్లు పడనీయండి

మొన్న శ్రావణంలో మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. కారణం కరివేపాకు చెట్టు.

నల్గొండలో ఇల్లు కట్టుకున్న ఏడాది పెరట్లో నాటిన చెట్టు అది. పోపు వేళకు మా ఆవిడ వెళ్ళి నాలుగు రెబ్బలు తుంచుకొస్తుంది. వాడకట్టులో సగం ఇళ్ళకు ఆ చెట్టే దిక్కు. ఆ రోజు వెళ్ళిన మనిషి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. "కొమ్మకు ఆకు లేదు. పురుగు మొత్తం నమిలేసింది. మీరు చెట్టన్నా చూడరు, మందన్నా కొట్టరు" అంది.

కరివేపాకు లేని చారు తినాల్సి వస్తుందన్న భయంతో నేను వెంటనే రంగంలోకి దిగాను. గులాబీల కోసం ఎప్పుడో తెచ్చిపెట్టిన మందు సీసా తీసి, నీళ్ళలో కలిపి, చెట్టంతా తడిసేలా కొట్టాను. సాయంత్రానికి పురుగులన్నీ రాలిపోయాయి. ఘనకార్యం చేసినవాడిలా చేతులు కడుక్కున్నాను. మందు కొట్టిన ఆకును చాలా రోజులు వంటకు వాడకూడదన్న సంగతి రాత్రి పడుకునే ముందు గానీ గుర్తు రాలేదు.

మర్నాడు హైదరాబాదు నుంచి మా మనవరాలు వచ్చింది. ఏడో తరగతి. చెట్టు కింద గొంతుక్కూర్చుని, రాలిపడిన పురుగుల్ని పుల్లతో ఒక్కొక్కటే పక్కకు జరిపి లెక్కపెట్టింది.

"పదకొండు ఉన్నాయి తాతా" అంది.

"ఇంకా ఎక్కువే అనుకున్నా" అన్నాను గర్వంగా.

"పదకొండు సీతాకోకచిలుకలు తాతా" అంది ఆ పిల్ల.

నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి వచ్చి, "అవునా బిడ్డా! గవి సీతాకోకచిలుక పిల్లలా?" అని ఆ ఆకుపచ్చ పురుగుల్ని కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. కరివేపాకు మీద గుడ్లు పెట్టేవి ముఖ్యంగా నిమ్మజాతి చెట్లను ఆశ్రయించే సీతాకోకచిలుకలు. వాటి పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా కనిపిస్తాయి. రెట్టను ఏ పిట్టా తినదు కదా, అదే వాటి రక్ష. పెద్దయ్యాక ఆకు రంగులోకి మారతాయి. పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ము ఒకటి బయటికి తోసి, ఘాటైన వాసన వదులుతాయి. ఇన్ని ఉపాయాలు నేర్చుకున్న ప్రాణికి మన మందు సీసా ముందు మాత్రం ఏ ఉపాయమూ లేదు.

వెళ్ళిపోయే ముందు మనవరాలు ఒక ప్రశ్న వదిలి వెళ్ళింది. "కరివేపాకు మనం తినాలి సరే. మరి అవి ఏం తిని బతకాలి తాతా?"

జడ్చర్లలో దొరికిన జవాబు

బతుకమ్మ రోజుల్లో మా చెల్లెలింటికి జడ్చర్ల వెళ్ళాను. నల్గొండ నుంచి మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా ప్రయాణం. దారి పొడవునా చల్క నేలలు, పత్తి చేలు, ఏనుగుల మందలా కూచున్న బండరాళ్ళు, అక్కడక్కడ తాళ్ళు. ఖాళీగా ఉన్న ప్రతిచోటా సర్కారు తుమ్మ. కొన్నిచోట్ల అదీ పోయి హద్దురాళ్ళు, ప్లాట్ల బోర్డులు.

నేను వెళ్ళేసరికి చెల్లెలు బతుకమ్మ పేర్చుతోంది. పక్కన తంగేడు పూల కట్ట ఉంది.

"ఎక్కడ దొరికింది తంగేడు?" అన్నాను.

"ఏడ దొరుకుతదన్నా, అంగట్ల కొన్న. బతుకమ్మకు తంగేడు పువ్వు కొనుక్కునుడు ఏందో! మన చిన్నప్పుడు గుట్ట పొంటి పోతె గంపలు నిండుతుండె" అంది.

తంగేడు మన రాష్ట్ర పుష్పం. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును, జమ్మిచెట్టును, పాలపిట్టను, జింకను రాష్ట్ర చిహ్నాలుగా ప్రకటించింది. చిహ్నాలు నాలుగూ మనకు కంఠతా వచ్చు. వాటిలో ఈ ఏడాది కంటికి కనిపించినవి ఎన్ని అని అడిగితే మాత్రం తడుముకుంటాం.

అదే జడ్చర్లలో డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఒకప్పటి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి, ఈ పాలమూరు బిడ్డ పేరు మీద పెట్టిన కళాశాల. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ బి.సదాశివయ్య తన విద్యార్థులతో కలిసి ఆవరణలో ఒక తోట పెంచారు. పేరు తెలంగాణ బొటానికల్ గార్డెన్. ఈ నేల మీద పుట్టిన మొక్కల్ని, అడవుల్లోనూ గుట్టల్లోనూ అరుదైపోతున్నవాటిని తెచ్చి ఒకచోట బతికించాలన్నది దాని ఉద్దేశం. అలా వందల జాతులు అక్కడ చేరాయి. హైదరాబాదు కొత్తగూడ దగ్గర ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ 274 ఎకరాల్లో ఉంది. పాలమూరు పట్టణాన్ని ఆనుకుని అప్పన్నపల్లి దగ్గర మయూరి ఎకో పార్కు రెండు వేల ఎకరాల పైచిలుకు. వాటితో పోలిస్తే జడ్చర్ల తోట చాలా చిన్నది. కానీ ఒక డిగ్రీ కళాశాల పిల్లలూ, పాఠం చెప్పే పంతులూ పెంచిన తోట కాబట్టి, 'ఇది మా ఊళ్ళో కూడా అవుతుంది' అనిపించే తోట అదే.

అయితే ఇలాంటి తోటకు వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. రంగురంగుల పూల మళ్ళు, కత్తిరించిన కంచెలు, తివాచీ లాంటి గడ్డి ఉంటాయనుకుంటే నిరాశపడతారు. మన పల్లెల్లో 'పిచ్చి చెట్లు' అని కొట్టిపారేసే మొక్కలే ఇక్కడ అతిథులు. పైగా ఆకులు చూస్తే చాలావాటికి చిల్లులు!

నా మనవరాలి ప్రశ్నకు జవాబు ఆ చిల్లుల్లోనే ఉంది.

ఎవరి అన్నం వాళ్ళది

పురుగులన్నీ అన్ని ఆకులూ తింటాయని మనం అనుకుంటాం. నిజం వేరు. ప్రతి మొక్కా తనను తినకుండా ఆకులో ఏదో ఒక చేదో, విషమో దాచుకుంటుంది. వేల తరాలు ఆ మొక్కతో కలిసి బతికిన కొన్ని పురుగులు మాత్రమే ఆ విషాన్ని అరిగించుకోవడం నేర్చుకున్నాయి. అందుకే ఆడ సీతాకోకచిలుక గుడ్డు పెట్టే ముందు ముందుకాళ్ళతో ఆకును తట్టి రుచి చూస్తుంది. అది తన పిల్లల అన్నం అని తేలితేనే గుడ్డు పెడుతుంది. లేకపోతే ఎగిరిపోతుంది.

జిల్లేడు సంగతే చూడండి. ఆంజనేయస్వామికి దండ వేయడానికి తప్ప మనం దాని జోలికి పోం. పాలు కంట్లో పడితే ప్రమాదం. మేకలు కూడా దూరంగానే ఉంటాయి. కానీ నారింజ రెక్కలకు నల్లంచు ఉన్న సీతాకోకచిలుక ఒకటుంది, మన చేల గట్ల మీద ఎప్పుడూ తిరిగేదే. దాని పిల్లలకు జిల్లేడాకే పరమాన్నం. ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని అవి పెద్దవవుతాయి. దాన్ని ఒకసారి నోట పెట్టిన పిట్ట కక్కుకుని, మళ్ళీ జన్మలో ఆ రంగు వంక చూడదు.

కథ ఇంతటితో అయిపోలేదు. ఇంకో జాతి సీతాకోకచిలుక ఉంది. దాంట్లో విషం ఏమీ లేదు. కానీ దాని ఆడది అచ్చం ఈ జిల్లేడు సీతాకోకచిలుక వేషం వేసుకుని తిరుగుతుంది. పిట్టలు చూసి, 'అమ్మో, ఇది అదే' అని వదిలేస్తాయి. మరి ఈ వేషగత్తె పిల్లలు ఏం తింటాయో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర! అంటే చేను గట్టున జిల్లేడు, చేలో గంగవాయిలి రెండూ ఉంటేనే ఈ నాటకం నడుస్తుంది. కలుపు మందు కొట్టి రెంటినీ మాడ్చేస్తే రంగస్థలమే ఉండదు.

రేగు చెట్టు మనకు సంక్రాంతికి పళ్ళిస్తుంది. దాని ఆకు నల్లమచ్చల తెల్ల సీతాకోకచిలుక పిల్లలది. తంగేడు, రేల, కసింద కుటుంబం పసుపు సీతాకోకచిలుకలది. ఆముదం ఆకు మీద బతికేది ఇంకొకటి. మారేడు, వెలగ చెట్లు ఉంటే మా కరివేపాకు మీదికి వచ్చినవాటికి వేరే అన్నం దొరికినట్టే.

మేడిపండు లోపల పురుగులుంటాయని మనం పైపై మెరుగుల మనుషుల్ని ఎత్తిపొడవడానికి వాడుకుంటాం. పాపం, మేడికి అన్యాయం చేశాం. ఆ లోపలి పురుగులు చాలావరకు చీమంత కందిరీగలు. అవి లోపలికి దూరి పుప్పొడి మోస్తేనే మేడికి విత్తనం కడుతుంది. మర్రికి ఒక కందిరీగ, రావికి ఒకటి, జువ్వికి మరొకటి. ఈ జాతి చెట్లు అన్నీ ఒకేసారి కాయవు. ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక చెట్టు పండుతూనే ఉంటుంది. మిగతా అడవి ఎండిపోయిన రోజుల్లో కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు, ఉడుతలు బతికేది ఈ పళ్ళ మీదే.

తంగేడు పువ్వు మీద వాలే నల్ల తుమ్మెదను గమనించారా? అది తేనె కోసం రాదు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఒక చిన్న గొట్టంలో దాక్కుని ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్ళంతా ఝుమ్మని అదిలిస్తే ఆ గొట్టం కొసన ఉన్న రంధ్రం లోంచి పుప్పొడి రాలుతుంది. బతుకమ్మలో పేర్చే పువ్వు వెనక ఇంత సంగీతం ఉంది. చర్మాలు ఊనడానికి తంగేడు చెక్క వాడేవాళ్ళని మనకు తెలుసు. తుమ్మెద వాడకం మాత్రం తెలియదు.

ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ ఆకంతా రాల్చి నిప్పులా పూస్తుంది. హోళీకి పిల్లలు రంగు తీసేది ఆ పువ్వుతోనే. పెళ్ళిళ్ళకు విస్తర్లు కుట్టేది ఆ ఆకుతోనే. కానీ ఆ ఎండలో తేనెపిట్టకూ, చిలకకూ విందు పెట్టేది కూడా అదే. ఎండాకాలం మొదట్లో రాలే ఇప్పపువ్వు కోసం చెట్టు మీద గబ్బిలాలు, చెట్టు కింద ఎలుగుబంట్లు, పొద్దున్నే గంపలతో మనుషులు. పాత పాలమూరు, నల్గొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద నల్లమలలో కూడా లెక్క ఇదే. పులికి జింక కావాలి, జింకకు గడ్డి కావాలి, గడ్డికి దాని నేల కావాలి.

పిట్ట నోట్లో పురుగు

'సీతాకోకచిలుకలు బతికితే నాకేంటి?' అనేవాళ్ళు ఉంటారు. నేనూ మొన్నటి దాకా ఆ మాటే అన్నవాణ్ణి.

అమెరికాలో చికడీ అని మన పిచ్చుక కన్నా చిన్న పిట్ట ఒకటి ఉంది. గూట్లో ఒక్క ఈతలో పుట్టిన పిల్లలు ఎగిరిపోయేదాకా తల్లీతండ్రీ కలిసి 6 వేల నుంచి 9 వేల గొంగళిపురుగులు తెచ్చిపెట్టాలి. డగ్లస్ టల్లమీ అనే కీటక శాస్త్రవేత్త ఈ లెక్కను ఊరూరా చెప్పి, అక్కడి జనంతో పెరళ్ళలో సొంత నేల మొక్కలు పెట్టిస్తున్నారు. ఆయన బృందం 2018లో ప్రచురించిన పరిశోధన వాషింగ్టన్ నగరం ఇళ్ళ పెరళ్ళలో జరిగింది. పెరట్లో కనీసం 70 శాతం పచ్చదనం స్థానిక మొక్కలదైతే తప్ప ఆ పిట్ట సంతతి నిలవడం లేదని తేలింది. మిగతా పెరళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. కానీ పిట్ట పిల్లలకు అందులో అన్నం లేదు.

మన పిచ్చుకైనా, గిజిగాడైనా అంతే. పెద్దయ్యాక గింజలు తింటాయి గానీ, గూట్లో పిల్లలకు పెట్టేది పురుగుల్నే. ఆకుకు చిల్లు పడని చోట పిచ్చుక పిల్ల ఆకలితో పడుకుంటుంది. పిచ్చుకలు కనబడటం లేదని వరండాలో అట్టపెట్టె గూడు కడుతున్నాం. ఇల్లు ఇచ్చి తిండి మరిచిపోయినట్టుంది మన వ్యవహారం.

ఇక దసరా నాటి పాలపిట్ట. మా చిన్నప్పుడు జమ్మి పూజ అయ్యాక ఊరి పొలిమేర దాటితే తీగ మీదో, ఎండు కొమ్మ మీదో కనబడేది. చూసినవాడు అరిచేవాడు, మిగతావాళ్ళం తలలెత్తి దండం పెట్టేవాళ్ళం. 2023లో వెలువడిన దేశ పక్షుల నివేదిక ప్రకారం పుష్కరకాలంలో పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గాయి. దానికి మిడతలూ పురుగులూ దొరికే బీడు కావాలి, గూటికి తొర్ర ఉన్న ముసలి చెట్టు కావాలి. మనం బీళ్ళను ప్లాట్లు చేశాం, తొర్ర చెట్లను కట్టెలు చేశాం. చివరికి దసరా నాడు పంజరంలో బంధించిన పాలపిట్టను పదిరూపాయలిచ్చి చూసి, శుభం జరగాలని కోరుకుంటున్నాం. పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. నేరం సంగతి అలా ఉంచినా, బందీగా ఉన్న పిట్ట మనకు ఏం విజయం ఇస్తుంది?

పరాయివన్నీ పనికిరానివా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చెల్లెలింటి నుంచి బయల్దేరుతుంటే బావ బాలానగర్ సీతాఫలాల గంప బస్సెక్కించాడు. పాలమూరు సీతాఫలం అంటే మనకు ఎంత గర్వమో! కానీ ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. పచ్చిమిర్చి అక్కణ్ణుంచి వచ్చిందే. బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే బంతి కూడా అక్కడిదే. వచ్చినవాళ్ళను కలుపుకోవడం మన నేలకు తెలుసు. సీతాఫలం ఆకు తిని పెరిగే సీతాకోకచిలుకలు కూడా మన దగ్గర ఉన్నాయి.

గొడవ పరాయి చెట్టుతో కాదు. వచ్చి మొత్తం చోటు ఆక్రమించి, ఎవరికీ పిడికెడు అన్నం పెట్టని చెట్టుతో. సర్కారు తుమ్మ మన జమ్మికి దూరపు చుట్టమే. వంటచెరకు కోసం తెచ్చారు. బొగ్గు బట్టీలతో కొంతమందికి బువ్వ పెట్టిన మాటా నిజమే. కానీ అది పరుచుకున్న చోట కింద ఇంకో మొక్క లేవదు. ఆ మధ్య రోడ్ల మధ్య, కాలనీల చుట్టూ కోనోకార్పస్ గోడల్లా పెంచాం. నిటారుగా, నిగనిగలాడుతూ, ఏ పశువూ ముట్టకుండా ఉంటుందని మురిశాం. పుప్పొడితో దగ్గులూ ఆయాసాలూ, వేళ్ళతో పైపుల తంటాలూ మొదలయ్యాయని ఫిర్యాదులొచ్చాక 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇకపై ఆ మొక్క నాటొద్దంది. ఆకుకు చిల్లే పడదని ఏ చెట్టును మెచ్చుకున్నామో, ఆ మెచ్చుకోలులోనే దాని లోపం ఉంది.

మన ఊరి వనంలో ఒక మూల

2020 నుంచి తెలంగాణలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. నేను చూసిన కొన్నింట్లో ముందు వరుస అంతా రంగుల ఆకుల మొక్కలే. అవి తీసెయ్యమని నేను అనను. చూడచక్కగానే ఉన్నాయి. ఒక్క మూల మాత్రం మన మొక్కలకు వదలండి. బడి ఆవరణ, గుడి వెనక జాగా, చెరువు కట్ట కింద ఖాళీ, ఏదైనా సరే.

ఏం పెట్టాలి? పెద్ద చోటయితే ఒక మర్రో, జువ్వో, మేడో ఇళ్ళకూ గోడలకూ దూరంగా. మధ్యలో మోదుగ, రేల, నేరేడు, మారేడు, జమ్మి. అంచుల్లో రేగు, కలివి, బలుసు లాంటి ముళ్ళ పొదలు. పిట్ట గూడుకు ముళ్ళ కంచె కన్నా మంచి తాళం లేదు. ఎండ తగిలే చోట తంగేడు, గునుగు. జిల్లేడు పిల్లలు ఆడుకునే చోటికి దూరంగా ఒక పక్కన. దూలగొండి మాత్రం వద్దు, దురదతో పిల్లలు ఏడుస్తారు.

విత్తనాలు కొనాల్సిన పని లేదు. నేరేడు గింజ తిన్న వారంలోనే నాటాలి, ఆలస్యమైతే మొలవదు. మోదుగ కాయలు ఎండాకాలంలో రాలతాయి, తొలకరికి మట్టిలో పెడితే చాలు. తంగేడు, రేల గింజల పెంకు గట్టిది. వేడినీళ్ళు పోసి ఒక రాత్రి నానబెడితే మొలక తొందరగా వస్తుంది. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల మనది. ఈ మొక్కలు ఆ కరువులోనే పుట్టి పెరిగినవి. మొదటి రెండు మూడు ఎండాకాలాలు బిందెడు నీళ్ళు పోస్తే, తర్వాత వాటి బతుకు అవి చూసుకుంటాయి. గడ్డి మొక్కలకు ట్యాంకర్ తెప్పించే పార్కులతో పోల్చి చూడండి, ఏది చవకో తెలుస్తుంది.

'పొదలు పెంచితే పాములు రావా?' అని మా వాడకట్టులో ఒక పెద్దమనిషి అడిగారు. సరైన ప్రశ్నే. పాము వచ్చేది ఎక్కువగా ఎలుక కోసం. ఎలుక వచ్చేది మనం పారేసిన చెత్త కోసం. పొదలు గడపకు ఆనుకుని కాకుండా అంచున ఉండాలి. నడిచే బాట శుభ్రంగా, వెలుతురుగా ఉండాలి. రాత్రి వెళితే టార్చి ఉండాలి. మన తాతలు చేసిన జాగ్రత్తలే ఇవి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ మూలలో మందు కొట్టొద్దు. ఆకుకు చిల్లు పడితే పంచాయతీ వాళ్ళ మీద ఫిర్యాదు చేయొద్దు. ఎవరో వచ్చి భోంచేసి వెళ్ళారని అర్థం.

పాలమూరు పక్కన పిల్లలమర్రి ఉంది కదా. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే చెట్టు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు తొలిచేశాయని తెలిసి, 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించి దాన్ని కాపాడుకున్నారు. దేశమంతా ఆశ్చర్యంగా చూసింది. పెద్ద పేరున్న చెట్టు కాబట్టి అందరం కదిలాం. తంగేడు పొదకు, రేగు కంపకు, గట్టున జిల్లేడుకు అంత పేరు లేదు. వాటికి సెలైన్ అక్కర్లేదు కూడా. మనం చెయ్యి అడ్డం తీస్తే చాలు.

దసరా అయ్యాక నల్గొండ వచ్చేశాను. కరివేపాకు చెట్టు మళ్ళీ చిగురేసింది. మొన్న పొద్దున చూస్తే ఒక లేతాకు మీద పిట్టరెట్టలాంటిది కనబడింది. పుల్లతో ముట్టబోయి ఆగిపోయాను. రెట్ట నడవదు. ఇది నడుస్తోంది.

లోపలికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. "ఎన్ని?" అంది.

"మూడు కనబడ్డాయి."

ఆమె బయటికి వచ్చి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడమ పక్క రెండు కొమ్మలు చూపించి, "గివి వాటికి ఇడిసిపెడదాం. కుడి దిక్కుయి మనకు" అంది. పంపకం అయిపోయింది. సాయంత్రం మనవరాలికి ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

"మరి ఎడమ పక్కన ఆకులన్నీ తినేశాక కుడి పక్కకు వస్తే తాతా?" అంది.

జవాబు వెతుక్కోవడానికి ఈ ఆదివారం పెరట్లో ఒక మారేడు మొక్క నాటుతున్నాను.